ఈశాన్యంలో బరువు

పోయిన వారం నిరుపమను మేడ మీద, చిమ్నీ పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. ఈ వారమంతా మన వంటలు, మన కొట్లాటలు, మన నిద్రలు మనకున్నాయి గానీ, పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది, గోడ సందులో చెయ్యి పెట్టుకుని.

కథ మధ్యలో వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోతాను. ఇది మన దేశానికి బహుదూరాన, భూగోళం దక్షిణపు కొసన, పాపకూర అనే ఊళ్ళో, గ్రేట్ సౌత్ రోడ్డు మీద ఉన్న పాత ఎర్ర ఇటుకల మేడ. ఒక పక్క పాలూ బ్రెడ్డూ అమ్మే డైరీ, ఇంకో పక్క గోళ్ళకి రంగులేసే పార్లరు. జనార్ధనరావు, ఆయన తమ్ముడు రవిచంద్ర కలిసి కొన్నారు. రెండు కాపురాలూ అందులోనే. నిరుపమ రవిచంద్ర భార్య, ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తుంది. మేడ మీది పెద్ద గదిని శనివారాలు వర్షిత కూచిపూడి క్లాసుకి ఇచ్చారు. ఇవాళ దసరాల్లో మూలా నక్షత్రం. సాయంత్రం సరస్వతీ పూజ, ఆ తర్వాత పిల్లల డాన్సు. అందుకని క్లాసుకి రోజూ వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ అందరూ వచ్చేశారు. వాళ్ళలో నిరుపమ కూతురు సిరి కూడా ఉంది.

ఈ ఇల్లంటే నిరుపమకి పిచ్చి. ఎవరొచ్చినా కాఫీ ఇచ్చే ముందు గోడ చూపిస్తుంది. ఒక ఇటుక పొడుగ్గా, పక్కది తల మాత్రం కనిపించేలా, మళ్ళీ ఒకటి పొడుగ్గా, వరసంతా అలా పేర్చిన గోడ ఈ రోడ్డు మీద ఇంకోటి లేదంటుంది. కిటికీల మీద ఇటుకలతోనే కట్టిన వంపులు, సున్నంతో వేసిన అతుకులు, కౌరీ కలప నేల, ఇంటి వెనక వైపు రెండు మూలలా రెండు చిమ్నీలు. ఒకటి ఈశాన్యాన, ఒకటి ఆగ్నేయాన. వందేళ్ళ కిందట ఎవరో డాక్టరు కట్టించుకున్నాడట. కౌన్సిల్ వాళ్ళ పాత కట్టడాల జాబితాలో ఉన్న ఇల్లు, అడక్కుండా మేకు కొట్టకూడదు.

చిమ్నీ అంటే కప్పు మీద కనిపించే గొట్టం ఒక్కటే అనుకునేరు. అది కింది గదిలో, నేల మీద మొదలవుతుంది. గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చిన ఇటుకల దిమ్మ, అందులో పొయ్యి. ఆ దిమ్మ నెత్తిన మేడ మీది దిమ్మ, దాని నెత్తిన అటకలోది, ఆపైన కప్పు దాటిన గొట్టం. కిందిది ఉంటేనే పైవి ఉంటాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి చాలు, ఈ వారం కథంతా దీని మీదే నిలబడింది.

ఆ మేడ మీది దిమ్మకీ గోడకీ మధ్య సన్నటి బీట కనిపిస్తే, ఎండిన సున్నమేమో అనుకుని నిరుపమ వేలు పెట్టింది. వేలు వెళ్ళింది. తర్వాత చెయ్యి వెళ్ళింది. అక్కడ ఆపాం.

ఆవిడ చెయ్యి బయటికి తీసుకుంది. వేళ్ళకి తెల్లటి పొడి అంటుకుంది. వెనకాల వర్షిత కర్రతో పలక మీద తాళం కొడుతోంది, పిల్లలు తై తై అంటూ నేలని దంచుతున్నారు. ఒక్కో దెబ్బకీ ఆ దిమ్మ మీద పెట్టిన పూల కుండీ సన్నగా వణకడం నిరుపమ కంటపడింది. లేచింది.

"వర్షితా, కాసేపు ఆపమ్మా. పిల్లల్ని అటు పక్కన కూర్చోబెట్టి కథేదైనా చెప్పు. కాలు కదపనివ్వకు."

వర్షిత ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక ఫార్మసీలో ఉద్యోగం చూసుకుని సెటిల్ అయిన పిల్ల. శనివారం వచ్చిందంటే ఫార్మసీని మర్చిపోయి గజ్జె కడుతుంది. "అక్కా, ప్రోగ్రాం ఈవెనింగే. ఇంకా ఫార్మేషన్ సెట్ అవ్వలేదు," అంది.

"పది నిమిషాలు."

"ఏమైందక్కా?"

"ఏం కాలేదు. కిందికెళ్ళి చూసొస్తాను."

ఏం కాలేదట! పిల్లలు వింటున్నారని అంది గానీ, నిరుపమ మెట్లు రెండేసి చొప్పున దిగింది. సరిగ్గా ఆ దిమ్మ కిందున్నది పూజగది.

చలికాలంలో నిరుపమ ఆఫీసు పని మీద కొన్నాళ్ళు క్రైస్ట్‌చర్చ్‌లో ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి కింద రెండు గదుల్లోనూ పొయ్యిలు కనబడలేదు. వాటి చోట నున్నటి గిబ్ బోర్డు, అదే జిప్సం పలక, దాని మీద తెల్ల రంగు. చలిగాలి వస్తోందని మూయించాం, వెనకాల అంతా ఎక్కడిదక్కడే ఉంది అన్నాడు బావగారు. నమ్మింది. ఈశాన్యం గదిలో ఆ బోర్డు ముందు పెద్ద మండపం వెలిసింది. మడి, మైల అంటూ ఆ మూలకి రమామణి తప్ప ఇంకెవరూ పోరు. చూసే అవకాశం ఎక్కడిది?

పూజగదిలో జనార్ధనరావు స్టూలెక్కి సీరియల్ లైట్లు సర్దుతున్నాడు. ఐటీలో ప్రాజెక్ట్ మేనేజరుగా చేసిన మనిషి. ఇప్పుడూ ఎవరితో మాట్లాడినా మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. వాస్తు ఆయనకి రెండో ఉద్యోగం, జీతం లేదన్న మాటే గానీ ఓవర్‌టైమ్ చేస్తాడు. మండపంలో ఎర్రచీర కట్టిన అమ్మవారు, ముందు కలశం. మామిడాకులు దొరక్క పక్కవీధి పొహుతుకవా చెట్టు ఆకులు పెట్టారు కలశంలో. పక్కన అఖండ దీపం.

"బావగారూ, ఈ పీట ఒకసారి పక్కకి జరపాలి," అంది నిరుపమ.

ఆయన స్టూలు మీంచే నవ్వాడు. "ఏంటమ్మా, కలశం పెట్టాక పీట జరుపుతారా ఎక్కడైనా? పాడ్యమి నాడు పెట్టింది, దశమికి ఉద్వాసన చెప్పేదాకా ఇంచి కదలకూడదు. నీకు తెలీదా?"

"తెలుసు. పైన చిమ్నీ గోడని వదిలేసింది. సందులో చెయ్యి పడుతోంది. కింద దిమ్మ ఎలా ఉందో చూడాలి."

"పాత ఇల్లు కదా, బీటలుండవూ?"

ఈ మాట ఒకటి దొరికింది ఆయనకి. పంపు కారితే పాత ఇల్లు. తలుపు పట్టేస్తే పాత ఇల్లు. ఆ ఇల్లే నోరు తెరిచి అరిచినా పాత ఇల్లు కదా అనేస్తాడు.

"బీట వేరు, ఒరగడం వేరు బావగారూ. అది ఒరిగింది. పైన పిల్లలున్నారు."

"దశమి వెళ్ళనీ. ఆ మర్నాడు నీ ఇష్టం, గోడంతా విప్పి చూసుకో. నేనే హెల్ప్ చేస్తాను. ఇవాళ మాత్రం ఈ టాపిక్ వద్దు."

నిరుపమ ఇంకో మాట అనబోతుంటే రమామణి నూనె గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది. జనార్ధనరావు భార్య, నిరుపమకి తోడికోడలు. మనిషి సన్నగా, గాలేస్తే పడిపోయేలా ఉంటుంది. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తల్లో ఆపరేషనయ్యింది, ఆ వెనకే వదలని జ్వరాలు, అప్పటినుంచీ అంతే. ఆవిడ కొంగు బిగించి, మండపం తెర తప్పించి, దీపంలో నూనె పోయడానికి నడుం వంచింది. చెయ్యి లోపలికెళ్ళింది. తల, భుజాలు కూడా లోపలికెళ్ళాయి.

నిరుపమ అక్కడే ఆగిపోయింది. కొన్నప్పుడు ఈ ఇల్లంతా కొలిచి ప్లాను తనే గీసింది. ఆ మూల ఇటుకల దిమ్మ ముందుకి ఎంత పొడుచుకొచ్చి ఉండేదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అది అక్కడుంటే రమామణి నుదురు దానికి కొట్టుకోవాలి.

"అక్కా, దీపం ఎక్కడ పెట్టారు మీరు?"

"ఎక్కడేంటి నిరుపమా, అమ్మవారి వెనకాల, గోడవారకి. గాలికి కొండెక్కకుండా."

"అక్కడ గోడ ఉండకూడదు. అక్కడ చిమ్నీ ఉండాలి."

రమామణి వెనక్కి తిరిగి భర్త వైపు చూసింది. జనార్ధనరావు లైట్ల తీగ చేతికి చుట్టుకుంటూ, "కొంచెం సైజు తగ్గించాం, అంతే. వాడని పొయ్యి, చోటు దండగ," అన్నాడు.

"ఎంత తగ్గించారు?"

"కొంచెం."

"కొంచెమంటే ఎంత బావగారూ?"

తమ్ముడి భార్య అలా గుచ్చి అడగడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆయన మొహం ఎర్రబడింది. "కోర్టా ఇది? పండగ పూట ఇంటిపెద్దని నిలబెట్టి అడుగుతావా?"

సరిగ్గా అప్పుడు నెత్తి మీద మొదలైంది. పిల్లలు ఎంతసేపని కథ వింటారు? వర్షితకి సాయంత్రం ప్రోగ్రాం భయం. తై హత్ తై హి అంటూ తాళం, దాంతోపాటు అన్ని జతల పాదాలూ ఒక్కసారే నేలని తాకాయి. పూజగది మొత్తం డప్పులా మోగింది. మండపం పైన కట్టిన ఎర్ర చాందినీ గుడ్డ ఒక్కసారి కిందికి జారి, పొట్ట వేలాడేసింది. దాని అంచు నుంచి తెల్లటి పొడి, ఆ వెనకే బఠాణీ గింజంత గచ్చు పెళ్ళలు, అమ్మవారి మీద, కలశం మీద, పొహుతుకవా ఆకుల మీద పడ్డాయి.

నిరుపమ హాల్లోకి పరిగెత్తి మెట్ల దగ్గర నుంచి అరిచింది. "వర్షితా! ఆపు! ఆపమన్నానా! ఎవ్వరూ కదలొద్దు!"

ఆ గొంతు ఆవిడదేనా అని మనకే అనుమానం వస్తుంది. పైన తాళం ఆగిపోయింది.

తిరిగొచ్చేసరికి జనార్ధనరావు స్టూలు దిగి మండపానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చాపి. "వద్దమ్మా. నువ్వు ముట్టుకోవద్దు. కలశం కదిపితే ఇంటికి అరిష్టం. నీకు ఆవేశంలో తెలియడం లేదు."

"నా కూతురు పైన ఉంది బావగారూ. తప్పుకోండి."

"చెప్తున్నానా, దశమి దాకా..."

"తప్పుకోండి!"

ఆయన తప్పుకోలేదు. నిరుపమ ఒకడుగు ముందుకి వేసింది. బావగారిని తోసెయ్యాలంటే చెయ్యి రాలేదు, ఎంతైనా పెరిగిన పద్ధతి అది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి, భయంతో కొంత, తన చేతకానితనం మీద కోపంతో ఎక్కువ. ఆ రెండు క్షణాల్లో రమామణి నూనె గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, మొగుడి చెయ్యి కింద నుంచి దూరి మండపం ముందు కూర్చుంది.

"రమా, ఏం చేస్తున్నావు నువ్వు?"

ఆవిడ కలశం మీద పడ్డ పొడిని వేళ్ళతో తుడిచింది. రెండు చేతులూ దానికి చుట్టి, "అమ్మా, లే. పైన చంటి పిల్లలున్నారు. తప్పయితే నన్ను అను, వాళ్ళ జోలికి పోకు," అంది. మంత్రం లేదు, అక్షింతలు లేవు. కలశాన్ని ఉత్తరం వైపుకి ఒక్కసారి జరిపి, ఎత్తి, గుండెలకి ఆనించుకుని లేచింది. కొబ్బరికాయ ఆవిడ గడ్డానికి తగులుతోంది.

జనార్ధనరావు చేతులు వాటంతటవే దిగిపోయాయి.

నిరుపమ ఇంకేమీ ఆలోచించలేదు. చాందినీ గుడ్డ అంచు పట్టుకుని లాగింది. మేకులు ఊడి గుడ్డ మొత్తం మీద పడింది. పైన సీలింగులో కొత్తగా అతికించిన బోర్డు ముక్క, అది అడ్డంగా పగిలి, ఒక మూల వేలాడుతోంది. స్టూలెక్కి ఫోను లైటు వేసి ఆ సందులోంచి చూసింది.

కింది దిమ్మ లేదు. తగ్గించడం కాదు, నేల నుంచి సీలింగు దాకా శుభ్రంగా కోసేశారు. పైన మేడ మీది దిమ్మ అడుగు కనిపిస్తోంది. పళ్ళూడిన చిగుళ్ళలా ఎగుడుదిగుడు ఇటుకలు, ఒక్కదాని కిందా ఏమీ లేకుండా. దాన్ని మోస్తున్నవి రెండే రెండు కర్రలు, పెరట్లో పందిరికి వేసుకునే రకం. వాటిలో ఒకటి మధ్యకి వంగి, తెల్లగా చీలి ఉంది.

"దిగమ్మా, పడతావు," అన్నాడు జనార్ధనరావు. గొంతులో ఇందాకటి మీటింగు లేదు. "చలికాలం నుంచీ నిలబడే ఉంది కదా, ఏం కాలేదు కదా..."

"నిలబడలేదు బావగారూ. వేలాడుతోంది."

రమామణి కలశం దింపకుండానే అడిగింది. "ఎందుకు చేశారండీ ఈ పని?"

ఆయన భార్య వైపు చూడలేకపోయాడు. "ఈశాన్యంలో బరువుంటే ఇల్లాలికి ఆరోగ్యం ఉండదన్నాడు వాస్తు చెప్పే ఆయన. ఇండియా నుంచి వీడియోలో ఇల్లంతా చూపించమన్నాడు, చూసి ఆ మాటే అన్నాడు. ఇంట్లో అడుగు పెట్టిన నెలకే నీకు ఆపరేషన్. ఆస్పత్రి కారిడార్లో కూర్చుని నేనేం చెయ్యగలను రమా? చేతిలో ఉన్నది ఇదొక్కటే అనిపించింది. తీయించేశాను. నీకు తగ్గిందా లేదా?"

"నన్ను బతికించడానికి ఊళ్ళో పిల్లల నెత్తిన బండ పెట్టారా?" అంది రమామణి. అని, కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అలాగే ఉండిపోయింది.

ఆయన ప్రేమని నేను కాదనను. కానీ చెప్పకుండా చేసిన పనికి ప్రేమ అని పేరు పెడితే ఇటుకలు ఆగుతాయా, మీరే చెప్పండి.

"అక్కా, అమ్మవారిని తీసుకుని ఈ గదిలోంచి వచ్చెయ్యండి. వన్ వన్ వన్‌కి ఫోన్ చేసి ఫైర్ వాళ్ళని పిలవండి. చిమ్నీ పడబోతోంది, లోపల పిల్లలున్నారని చెప్పండి," అంది నిరుపమ. "బావగారూ, వీధి తలుపు తీయండి. ఇప్పుడే."

ఇక్కడ చెప్పాల్సింది ఒకటుంది. ఆ ఇంటికి రెండే తలుపులు. వీధి గుమ్మం నైరుతికి జరిగి ఉందని, అది వాడితే అప్పులని, కొన్న కొత్తల్లోనే జనార్ధనరావు దానికి వరసగా స్క్రూలు బిగించి మూసేశాడు. అందరూ పెరటి తలుపు గుండానే రాకపోకలు. ఆ పెరటి తలుపు ఎక్కడుంది? సరిగ్గా ఈశాన్యం చిమ్నీ కింద. చిమ్నీ గనక పడితే ఆ గడప మీదే పడుతుంది. కింది కిటికీలు చూద్దామంటే, ఇంతకు ముందు అద్దెకున్న నగల దుకాణం వాళ్ళు వేయించిన ఇనప గ్రిల్స్, ఒక్కటీ ఊడదు. మిగిలింది వీధి తలుపే. జనార్ధనరావు మెట్ల కింద నుంచి టూల్ బాక్స్ లాక్కుని అటు పరిగెత్తాడు. పెద్దమనిషి పరిగెత్తడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

నిరుపమ మేడెక్కింది. పిల్లలు చెప్పిన చోటే బొమ్మల్లా నిలబడి ఉన్నారు. వర్షిత మొహంలో రక్తం చుక్క లేదు.

"గజ్జెలు విప్పి చేత్తో పట్టుకోండి అందరూ. ఒకళ్ళ వెనక ఒకళ్ళు, గోడవారగా, మెల్లగా. పిల్లి నడక. ఎవరు చప్పుడు చెయ్యకుండా దిగితే వాళ్ళకి లడ్డు," అంది నవ్వుతూ. ఆ నవ్వు ఎక్కడ నుంచి తెచ్చుకుందో ఆవిడకే తెలియాలి.

"మమ్మీ, వై ఆర్ యు షేకింగ్?" అంది సిరి.

"చలేస్తోంది నాన్నా. నువ్వు ముందు నడు."

పిల్లలు దిగారు. మెట్లు చిమ్నీకి దూరంగా, ఇంటికి దక్షిణం వైపున ఉన్నాయి, అదొక్కటే అదృష్టం. చివరి పిల్ల దిగేదాకా నిరుపమ ఆ ఒరిగిన దిమ్మ మీంచి కళ్ళు తిప్పలేదు. దిగాక వర్షితను పిలిచి, "పేరెంట్స్ గ్రూపులో మెసేజ్ పెట్టు. ఎవరూ వెనక పార్కింగ్‌లోకి రావద్దు, రోడ్డు మీదే ఆగమను," అంది.

"పిల్లల్ని ఎక్కడుంచనక్కా? హాల్లో పట్టరు. పెరటి తలుపు ఇక్కడే ఉంది, భయంగా ఉంది."

నిరుపమ ఒక్క క్షణం ఆలోచించింది. హాలుకి దక్షిణాన పెద్ద గది. పూజగదికీ దానికీ మధ్య రెండు ఇటుకల మందం గోడ. ఆ గదిలో రెండో చిమ్నీ ఉంది. అక్కడ గోడ పొడుగునా ముందుకి జరిపి బోర్డు కొట్టించారు, పొయ్యీ దిమ్మా దాని వెనకే ఉన్నాయి, నిజమే. కానీ అది ఆగ్నేయం. ఆగ్నేయంలో అగ్ని ఉండాలంటాడు కదా బావగారు, వంటింటి స్టవ్వు కూడా ఆ మూలకే మార్పించిన మనిషి. ప్రాణం పోయినా దాన్ని ముట్టుకోడు. చిమ్నీ దిమ్మ ఉన్న గోడంటే ఇంటికి వెన్నెముక, వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పే మాట.

"పెద్ద గదిలోకి తీసుకెళ్ళు. తూర్పు గోడకి ఆనించి కూర్చోబెట్టు, దగ్గర దగ్గరగా. అంతకంటే గట్టి చోటు ఈ ఇంట్లో లేదు."

పిల్లలు వరసగా లోపలికెళ్ళారు. రమామణి ఫోనులో అడ్రసు చెబుతోంది, ఒక చంకలో కలశం అలాగే ఉంది. "బయల్దేరారట," అని సైగ చేసింది. నిరుపమకి కాస్త ఊపిరాడింది. వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

అది హాలు చివర చిన్న చీకటి గది. జనార్ధనరావు మోకాళ్ళ మీద కూర్చుని, వీపు ఇటు పెట్టి, స్క్రూలతో కుస్తీ పడుతున్నాడు. వాటి మీద రంగు కూడా వేయించాడు మహానుభావుడు. ముందు రంగు గీకాలి, తర్వాత తిప్పాలి. బయట వాన. అటు వైపు రోడ్డు మీద బస్సులు పోతున్న చప్పుడు, ఇంత దగ్గర్లో.

నిరుపమ ఫోను లైటు పట్టుకుంది. ఒక స్క్రూ ఊడింది. ఇంకోటి ఊడింది.

"రవికి తెలుసా?" అంది.

ఆయన తిప్పుతూనే ఉన్నాడు.

"మిమ్మల్నే బావగారూ. రవికి తెలుసా?"

"ఇటుకలు మోసింది వాడే."

క్రైస్ట్‌చర్చ్ నుంచి ఆవిడ రోజూ ఫోన్ చేసేది. ఇల్లెలా ఉంది అని అడిగేది. నీ ఇల్లు ఎక్కడికీ పోలేదులే అని నవ్వేవాడు రవిచంద్ర. చేతులకి ఇటుకల దుమ్ము కడుక్కుని వచ్చి నవ్వాడన్న మాట. సిరిని ప్రతి శనివారం తనే ఆ మేడ మీదికి పంపించి, కింద కూర్చుని కాఫీ తాగాడన్న మాట. ఇప్పుడు ఏమీ ఎరగనట్టు పూజకి పూలు తెస్తానని ఎంతో దూరమున్న హెండర్సన్ బజారుకి వెళ్ళి కూర్చున్నాడు. నిరుపమకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి ఎదురుగా ఉంటే ఏం చేసేదో తెలీదు.

"వాడు వద్దన్నాడమ్మా. నీకు చెబుదామన్నాడు," అన్నాడు జనార్ధనరావు మెల్లగా. "నేనే ఒట్టు వేయించుకున్నాను. వాడిననకు. నన్నను."

"అంటాను. అందర్నీ అంటాను. ముందు తలుపు తీయండి."

ఇంకో స్క్రూ ఊడింది. ఇక పై వరస మిగిలింది. ఆయన లేచి నిలబడి, చొక్కా చేతితో చెమట తుడుచుకున్నాడు.

"పిల్లలు కార్లలో ఎక్కేశారు కదా? అటు పోతున్న అడుగుల చప్పుడు వినిపించింది."

"కార్లలో ఎలా ఎక్కుతారు? పెరటి తలుపు చిమ్నీ కిందే కదా. పెద్ద గదిలో కూర్చోబెట్టాను. ఆగ్నేయం చిమ్నీ గోడకి ఆనించి."

స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"అక్కడెందుకమ్మా?" అన్నాడు. అది అడగడం కాదు, ఏడవడం.

"ఏం? అది అగ్ని మూల కదా? దాన్ని మీరు ముట్టుకోరని..."

"ఈశాన్యంది తీయించాక కూడా రమకి జ్వరం తగ్గలేదు. అనుమానం వచ్చి ఇంకో ఆయన్ని అడిగాను. మీరున్నది భూమికి అడుగు సగం, అక్కడ సూర్యుడు ఉత్తరంగా నడుస్తాడు, దిక్కులు తిరగబడతాయి, మీ అసలు ఈశాన్యం ఆగ్నేయం మూల అన్నాడు. ఒకాయన అలా అంటాడు, ఒకాయన ఇలా అంటాడు. ఎవరిది నిజమో నాకేం తెలుసు? ఎందుకైనా మంచిదని..."

"ఎందుకైనా మంచిదని?"

"రెండూ తీయించేశాను."

నిరుపమ చేతిలో ఫోను కింద పడింది. హాలు అవతల నుంచి పిల్లల కేరింతలు వినిపించాయి, చప్పట్లు, నవ్వులు. వాటన్నిటి మీదుగా సిరి గొంతు.

"మమ్మీ! కమ్ క్విక్! ఇట్స్ స్నోయింగ్ ఇన్ హియర్!"

మేడ మీద నేలని దంచడానికి ఇప్పుడు ఎవరూ లేరు.